మందాకిని మూసిన వాకిలి

వాక్కుకు వెలుగైన తల్లికి మ్రొక్కి, నల్లని తెరకు వెరచిన మందాకిని వృత్తాంతాన్ని, ఆమె గురువు శఠగోపాచార్యులవారి మాటను విన్నవిస్తున్నాను.

వరద హెచ్చరికల కేంద్రంలో సర్వర్లను కాచే పని ఆచార్యులవారిది. ఆ సర్వర్లకు బొమ్మల తెర లేదు, మౌస్ లేదు. నల్లని తెర మీద టైపు చేసే ఆజ్ఞలే గతి. ఒకనాడు మందాకిని అడిగింది: "గురువుగారూ, అన్ని కంప్యూటర్లలాగే వీటికీ బొమ్మలు పెట్టుకోకూడదా? దీని ముందు కూర్చోవాలంటే నాకు బెదురుగా ఉంటుంది."

ఆయన ఆమెకు పని చూపిస్తూ, "కొండమీది సర్వర్‌కు కాపలా నియమాలు మార్చాలి. కానియ్యి," అన్నారు.

బయట కుండపోత వాన. కొండదారి తెగిపోయింది. ఆ సర్వర్ పంపే నీటిమట్టాన్ని బట్టే దిగువ లంకల జనం పడవలెక్కాలి. మందాకిని ఇక్కడినుంచే ఆ యంత్రంలో ప్రవేశించి, ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో టైపు చేసి ఎంటర్ నొక్కింది. తెర స్తంభించింది. ఏ అక్షరం నొక్కినా ఉలుకు లేదు, పలుకు లేదు. పొరపాటున అందరినీ ఆపమన్నది. ఆ అందరిలో తానూ ఉన్నది. నీటిమట్టం రావడమూ ఆగిపోయింది.

"నేను వెళ్లిన వాకిలి నేనే మూసేశానండీ."

"బొమ్మ మీద నొక్కి మూసుంటే తెరుచుకునేదా అమ్మా?"

"ఎగతాళి చేయకండి. అవతల నీరు పెరుగుతోంది."

ఆచార్యులవారు లంకలకు ఫోను చేశారు. కలవలేదు. మళ్లీ చేశారు. అప్పుడు ఆయన గొంతూ మారింది. "మార్చేముందు మరలింపు ఆజ్ఞ రాశావా?"

కొంతసేపటికి పాత నియమాలనే తిరిగి నిలపమని యంత్రానికి ముందే చెప్పి, ఆ పిమ్మటే మార్పు చేయడం ఆయన శిష్యుల ఆచారం. రాసినట్టు ఆమెకు గుర్తు. తప్పు లేకుండా రాసినట్టు గుర్తు లేదు. పసిబిడ్డలతో గడపల్లో నిలబడ్డ తల్లులు ఆమె కళ్లముందు మెదిలారు. తెరనే చూస్తూ కూర్చుంది.

ఉన్నట్టుండి, అంతదాకా ఆమె గుడ్డిగా నొక్కిన అక్షరాలన్నీ ఒక్కమారుగా తెరమీద రాలాయి. మరలింపు ఆజ్ఞ పనిచేసి వాకిలి తెరుచుకుంది. నీటిమట్టం వచ్చింది, ప్రమాదపు గీతకు జానెడు కింద. హెచ్చరిక లంకలకు సాగిపోయింది.

అప్పుడు ఆయన అడిగారు: "ఆ ఆజ్ఞ రాయమని నేను గుర్తుచేయనైనా లేదే. ఎవరు రాయించారు?"

"భయమేసి రాశానండీ."

"అయితే ఆ భయాన్ని నీ పక్కనే కూర్చోనివ్వు, తల్లీ. ఆ చోటు బొమ్మలకు ఇవ్వకు."

ఈ కథ విన్నవారి గడపలకు ముంపు రాకుండుగాక. రాక తప్పనినాడు, నీటికంటె ముందుగా కబురు చేరుగాక.