ఎక్కువైన రెండు గవ్వలు

అనగనగా ఒక అడవి ఉండేది. అడవి అనగానే మీకు పులీ, గుహా గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు పిల్లలూ. సముద్రానికి దగ్గరగా సగం నీళ్ళూ, సగం మడచెట్లూ ఉండే అడవి. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటాయి. వేళ్ళు గాలి పీల్చడమేమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. కానీ ఆ సంగతి మొదలుపెడితే కథ ఇక్కడే ఆగిపోతుంది. మరోసారి చెప్తాను.

ఆ నీళ్ళ మధ్య ఒక లంక. ఆ లంకలో ఒక బడి. చలికాలం రాగానే దేశదేశాల పక్షులు అక్కడ దిగేవి. మంచుకొండల అవతలి చారల హంసలు వచ్చేవి. వాటి తల వెనక రెండు నల్లని చారలుంటాయి, అందుకని ఆ పేరు. ఉప్పునేలల నుంచి రాజహంసలు వచ్చేవి. ఊరి కొంగలూ, గూడబాతులూ ఎలాగూ ఉండేవి. అందరి పిల్లలూ ఒకే చోట చదువుకునేవారు.

ఆ బడి చదువు కొంచెం వేరుగా ఉండేది. ప్రతి పిల్లా తన భాషతో పాటు ఇంకొకరి భాష నేర్చుకోవాలి. తన జాతి కాని చిన్నపిల్ల ఒకరికి చలికాలమంతా సాయం చెయ్యాలి. పాఠం అప్పజెబితే చాలదు, దాని మీద ఒక ప్రశ్న వెయ్యాలి. చలికాలం పొడుగునా ఎన్ని తప్పులు చేసినా ఎవరూ లెక్కపెట్టరు. తప్పులు చెయ్యడానికే గదా బడి! మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు అనే మాటే అక్కడ లేదు. ఒకరి పక్కన ఇంకొకరిని నిలబెట్టి కొలవరు. ఏ పని ఎంత బాగా వస్తే ఎంత వచ్చినట్టో మొదటి రోజే చెప్పేస్తారు. చివర్లో ఆ పనికి ఎదురుగా పిల్లని నిలబెట్టి చూస్తారు.

అలా చూసి తుంగపోచకు గవ్వలు గుచ్చి మెడలో వేస్తారు. ఒకటి నుంచి ఏడు దాకా.

ఈ గవ్వలు అలంకారానికి కాదు. చలికాలం అయిపోయాక చారల హంసలు మంచుకొండలు దాటి వెళ్ళాలి. అక్కడ గాలి ఉన్నట్టుండి తిరుగుతుంది. గాలి చదువులో ఆరు గవ్వలు వస్తే తప్ప గుంపుకు ముందు ఎగరనివ్వరు. తక్కువ వచ్చినవాళ్ళు వెనక వరసలో ఎగిరి, మరుసటి చలికాలం మళ్ళీ వచ్చి చదువుకుంటారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పడేవాళ్ళు పడేవారనుకోండి.

గాలి చదువు చెప్పే టీచరు నాగరత్నం. ఆవిడ గూడబాతు. గూడబాతుకి ముక్కు కింద సంచి ఉంటుంది కదా, ఆవిడ గవ్వలన్నీ అందులోనే దాచుకునేది. మాట్లాడుతుంటే అవి గలగలమనేవి. చేపలు తినేటప్పుడు మాత్రం తీసి ఒడ్డున పెట్టేది. ఆ గలగల వినబడగానే పిల్లలు పాఠానికి సర్దుకు కూర్చునేవారు.

ఆ క్లాసులో సోనమ్ అనే చారల హంస పిల్ల ఉండేవాడు. నాగరత్నానికి వాడంటే ప్రాణం. అందరికంటే ముందొచ్చేవాడు, అందరికంటే చివర వెళ్ళేవాడు. గోళ్ళు రాలిన ముసలి తాబేలుకి మేత అందించేవాడు. పాఠం అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు.

"తూర్పు నుంచి చల్లగాలి తగిలితే?"

"ఎడమ రెక్క దించాలి టీచర్! నీళ్ళ మీద ముడతలు దగ్గర దగ్గరగా కనబడితే గాలి తిరగబోతోందని గుర్తు."

అంతా సరే. కానీ పైకి తీసుకెళితే తిరకాసు వచ్చేది. గాలి తిరగ్గానే వాడు నీళ్ళకేసి చూసేవాడు కాదు. పక్కవాడి రెక్కకేసి చూసేవాడు. పక్కవాడు దించితే తనూ దించేవాడు. ఎంత చురుగ్గా దించేవాడంటే, కింద నుంచి చూసేవాళ్ళకి ఇద్దరూ ఒక్కసారే దించినట్టు కనబడేది.

ఒక కొంగపిల్ల మాత్రం కనిపెట్టింది. "ఏమోయ్ సోనమ్, నా రెక్కకి ఏమైనా అక్షరాలున్నాయా? అలా చదువుతున్నావు!" అంది. అందరూ నవ్వారు. సోనమ్ కూడా నవ్వాడు. నాగరత్నం నవ్వలేదు. వాడికి వచ్చింది నాలుగు గవ్వల చదువని ఆవిడకు ఆ రోజే తెలిసిపోయింది.

గవ్వలు వేసే రోజులు దగ్గరపడ్డాయి.

మొదట సోనమ్ వాళ్ళ అమ్మ దోల్మ వచ్చింది. "టీచర్ గారూ, వీడి అన్నలందరూ ముందు ఎగిరినవాళ్ళే. మా ఇంట్లో వెనక వరస ఎవరూ ఎరగరు. నలుగురిలో తల ఎత్తుకోలేను తల్లీ. మీరు కాస్త మనసు పెడితే…" అంటూ ఆగిపోయింది.

"చూస్తానమ్మా," అంది నాగరత్నం.

తరవాత హెడ్మాస్టరు శేషాచలం వచ్చాడు. బూడిదరంగు కొంగ. ఒంటికాలి మీద నిలబడి మాట్లాడే అలవాటు. కష్టమైన మాట చెప్పాల్సొస్తే కాలు మార్చేవాడు.

"నాగరత్నం గారూ, గట్టు అవతల చిలకలు కొత్త బడి పెట్టాయి. విన్నారా?"

"విన్నానండి."

"అక్కడ చేరినవాళ్ళందరికీ ఏడు గవ్వలేనట! చేరని వాళ్ళకి ఆరు వేస్తారేమో కూడా. వచ్చే ఏడు మన బడికి ఎవరొస్తారు చెప్పండి? నేను మిమ్మల్ని ఏమీ వెయ్యమనడం లేదు," అని కాలు మార్చాడు. "చూసుకోండి అంటున్నాను, అంతే."

మూడోసారి సోనమే వచ్చాడు. వాడు గవ్వలు అడగలేదు. సాయంత్రపు ఎండలో ఆవిడ పక్కన నిలబడి, "టీచర్, నాకు గాలి చదువు వచ్చినట్టేనా?" అన్నాడు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. "ఇంకా రాలేదు నాన్నా. నువ్వు గాలిని చూడటం లేదు, పక్కవాణ్ణి చూస్తున్నావు," అంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ వాడి కళ్ళు చూసింది. ఆ కళ్ళు చిన్నబోతే తను చూడలేననుకుంది.

"వచ్చినట్టే నాన్నా," అంది.

మర్నాడు తుంగపోచకు నాలుగు గవ్వలు గుచ్చింది. కాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. మరో రెండు గుచ్చింది.

అక్కడితో అయిపోలేదు. టీచర్లు వేసిన గవ్వలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఏటా బయటి నుంచి ఒకరు వచ్చేవారు. ఆ ఏడు గుల్నార్ అనే పెద్ద బెగ్గురు పక్షి వచ్చింది. అందరినీ పరీక్షించేంత తీరిక ఎవరికుంటుంది? క్లాసుకు ముగ్గురిని తనే పిలిచి చూస్తుంది. ఆ ముగ్గురి గవ్వలు సరిపోతే మిగతావీ సరేనంటుంది. తేడా వస్తే క్లాసందరివీ మళ్ళీ తూస్తుంది.

ఒక రాజహంస పిల్లని పిలిచింది. సరిపోయాయి. కొంగపిల్లని పిలిచింది. సరిపోయాయి. మూడోసారి ఆవిడ చూపు సోనమ్ దాకా వచ్చి, వాణ్ణి దాటి వెనకున్న ఇంకో హంసపిల్ల మీద ఆగింది. అవీ సరిపోయాయి.

నాగరత్నం గుండెల నిండా గాలి పీల్చుకుంది.

వెళ్ళబోతూ గుల్నార్ ఆగింది. "టీచర్ గారూ, మీరు పిల్లల్ని చలికాలమంతా చూశారు. నేను పొద్దున్నుంచీ చూశాను. మార్చాలనిపించే దండ ఏదైనా ఉంటే ఇప్పుడు చెప్పండి. తప్పు పట్టను," అంది.

చుట్టూ పిల్లలున్నారు. దోల్మ ఉంది. శేషాచలం ఉన్నాడు, ఒంటికాలి మీద.

"ఏమీ లేవండి," అంది నాగరత్నం.

గాలి వెచ్చబడింది. హంసలు బయలుదేరే రోజు వచ్చింది. గుంపు పెద్ద నోర్బు ఒక్కొక్కరి మెడలో దండ చూసి వరస చెప్పాడు. సోనమ్ దండ చూసి, "ఆరు. పెద్ద కనుమ దగ్గర నువ్వే ముందు," అన్నాడు. దోల్మ ఆనందం పట్టలేకపోయింది. "నా కొడుకు ముందు ఎగురుతుంటే సరిగ్గా వాడి వెనకే నేను ఎగరాలి," అని అడిగి మరీ ఆ చోటు తీసుకుంది. బారు తీరి అందరూ వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి నాగరత్నానికి తిండి సహించలేదు. గాలి ఉత్తరానికి తిరిగినప్పుడల్లా తల ఎత్తి చూసేది. గూడబాతులు ఆ కొండలు ఎక్కలేవు. వెనక్కి పిలవడానికి వీల్లేదు, వెంట వెళ్ళడానికి వీల్లేదు. ఎండాకాలం గడిచింది. వానలు గడిచాయి. మళ్ళీ చలి మొదలైంది.

హంసలు ఆలస్యంగా వచ్చాయి. బారు పొట్టిగా ఉంది.

నాగరత్నం ఒడ్డుకు వెళ్ళింది. నోర్బు దిగి, రెక్కలు ముడుచుకుని, ఆవిడ దగ్గరికి నడిచి వచ్చాడు. జరిగింది చెప్పాడు.

కనుమ మధ్యలో గాలి తిరిగింది. ముందున్న సోనమ్ అలవాటు కొద్దీ పక్కకు చూశాడు. అక్కడ రెక్క లేదు. ముందు ఎగిరేవాడికి చూడటానికి ఎవరి రెక్కా ఉండదు. మళ్ళీ ఇటు చూశాడు. ఈలోగా గాలి బారును విరగ్గొట్టింది. కుడివైపు వాళ్ళను మంచుగోడకేసి కొట్టింది. అందరికంటే ముందు తగిలింది, సరిగ్గా వాడి వెనకున్న దోల్మకి.

"నేను వాడు ఎగరడం చూడలేదమ్మా," అన్నాడు నోర్బు. గొంతులో కోపం లేదు. "మీ గవ్వలు చూశాను."

నాగరత్నం దిగిన హంసల్లో సోనమ్ కోసం వెతికింది.

సోనమ్ అందరూ వెళ్ళాక వచ్చాడు. పెద్దవాడయ్యాడు. మెడలో దండ ఇంకా ఉంది.

"టీచర్, నిజంగా నాకు ఎంత వచ్చింది?"

"నాలుగు నాన్నా."

"అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు."

వాడు ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకుంది. తిడితే బాగుండుననుకుంది. వాడు నీళ్ళకేసి చూస్తూ, "ఆ సాయంత్రం నేను అడిగాను కదా టీచర్. రాలేదంటే ఇంకో ఏడాది మీ దగ్గరే చదువుకునేవాణ్ణి. మీ క్లాసంటే నాకు ఇష్టమే," అన్నాడు.

ముక్కుతో తుంగపోచ ముడి విప్పాడు. రెండు గవ్వలు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"ఇవి నావి కావు. రేపట్నుంచి క్లాసుకి రావచ్చా?"

ఆ మర్నాడే నాగరత్నం బడి మొత్తాన్నీ పిలిచి జరిగింది దాచకుండా చెప్పింది. బడి వదిలి వెళ్ళిపోతానంది. శేషాచలం చాలాసేపు రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. ఆయన అలా నిలబడటం పిల్లలు ఎన్నడూ చూడలేదు. "మీరు వెళితే నేనూ వెళ్ళాలి. చూసుకోండి అన్నది నేనే," అన్నాడు. చివరికి నోర్బు అన్నాడు: "వెళ్ళి ఏం చేస్తారు? వాడికి నేర్పండి."

నేర్పింది. ఈసారి వాణ్ణి ఒక్కణ్ణే పైకి తీసుకెళ్ళేది. పక్కన ఏ రెక్కా లేని చోట వదిలేది. వాడు తడబడ్డాడు, పడ్డాడు, లేచాడు. నీళ్ళ మీద ముడతలు చదవడం మెల్లగా పట్టుబడింది.

మళ్ళీ గవ్వల రోజు వచ్చింది. వాడు తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు. ఆ పోగొట్టుకోవడంలో నాగరత్నం చెయ్యి ఉంది. ఈసారి ఆరు వేస్తే అనేవాళ్ళెవరూ లేరు. నాగరత్నం తుంగపోచ తీసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. ఐదోది గుచ్చి ముడి వేసింది.

"ఐదు నాన్నా. నీళ్ళను బాగా చదువుతున్నావు. ఎదురుగాలి ఇంకా పట్టుబడలేదు. వచ్చే ఏడు పడుతుంది."

సోనమ్ దండ చూసుకున్నాడు. "ఐదంటే ఐదేనా టీచర్?"

"ఐదంటే ఐదే."

వాడు నవ్వాడు. ఆ చలికాలంలో వాడు నవ్వడం అదే మొదలు.

నోర్బు ఆ దండ చూసి వాణ్ణి వెనక వరసలో నిలబెట్టాడు. బారు లేచింది. నాగరత్నం కనుచూపు మేర చూస్తూ నిలబడింది. చివరన ఎగురుతున్న సోనమ్ పక్కవాడి రెక్కకేసి చూడలేదు. తల వంచి నీళ్ళకేసి చూశాడు. గాలి తిరగడానికి ముందే వాడి ఎడమ రెక్క దిగింది.

వాడు ఇచ్చేసిన ఆ రెండు గవ్వలను నాగరత్నం మళ్ళీ ఎవరికీ వెయ్యలేదు. సంచిలో ఒక మూల ఉంచుకుంది. ఏ తల్లైనా వచ్చి, "కాస్త మనసు పెట్టండి టీచర్ గారూ," అంటే, జవాబు చెప్పబోయే ముందు అవి ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యేవి. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఉన్నమాట చెప్పేది.

నీతి: మనం వేసే మార్కును నమ్మి, మనకు తెలియని ఎవరో ఆ పిల్లవాడి వెనక నడుస్తారు, కాబట్టి ప్రేమంతా నేర్పడంలో చూపించాలి, కొలిచేటప్పుడు ఉన్నదే చెప్పాలి.