ఇస్త్రీ మడత నలగని పెళ్ళికొడుకు

గంపలవారి ఇంట్లో తెలివికి కొదవలేదు. ఆ మాట ఊరు అనదు, వాళ్ళే అనుకుంటారు. పెద్దవాడు నూకరాజు, నడిపివాడు పోతురాజు, చిన్నవాడు అబ్బులు, వాళ్ళ తల్లి సూరమ్మ. "ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెప్తే ఇంకోటి చేస్తార్రా. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అదీ తెలివంటే!" అని ఆవిడ రోజూ పొద్దున్నే కొడుకులకి చద్దన్నంతోపాటు వడ్డించేది.

అలాంటి ఇంట్లో పుట్టిన అబ్బులు, పక్కూరు పాలంక జాతరలో గాజుల కొట్టు దగ్గర మహాలక్ష్మిని చూసి మనసు పారేసుకున్నాడు. బేరమాడుతూ ఆ పిల్ల నవ్విన నవ్వుకి, పాపం, వాడికి అన్నం సహించడం మానేసింది. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలి. కానీ ఆ పిల్ల తండ్రి భద్రయ్యగారు పాతకాలం మనిషి. మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటుతో వచ్చిన ఒక పెళ్ళికొడుకుని "ముందు కుట్టించుకుని రా నాయనా" అని గుమ్మంలోంచే పంపేశారు. పూలచొక్కాతో వచ్చినవాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

అబ్బులు హడలిపోయి మేనమామ గవర్రాజు దగ్గరికి పరిగెత్తాడు.

"భయమెందుకురా అల్లుడూ? మీ తాత బట్టలు పెట్లో ఉన్నాయిగా! తెల్ల పంచె, లాల్చీ, కండువా. ఎన్ని ఫ్యాషన్లు రాలేదు, ఎన్ని పోలేదు? బెల్బాటం ప్యాంటు పోయింది, గళ్ళకోటు పోయింది. తెల్ల పంచె అందం మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ తాత అవి కట్టి వీధిలో నడుస్తుంటే జనం సైకిళ్ళు దిగి దణ్ణం పెట్టేవారు. గంజిపెట్టి ఇస్త్రీ చేయించు. ఒక్కటే గుర్తుపెట్టుకో, వాళ్ళ గుమ్మం దాకా ఇస్త్రీ మడత నలక్కూడదు" అన్నాడు గవర్రాజు.

అంతే. అబ్బులు ఆ మాట గుండెల్లో దాచుకున్నాడు.

పెళ్ళిచూపుల రోజు వాడు పంచె కట్టి నిలబడితే, నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉన్నాడు. సూరమ్మ దిష్టి తీసింది. పోతురాజు ఆటో తెచ్చాడు.

"ఎక్కి కూర్చోరా."

"కూర్చుంటే మోకాళ్ళ దగ్గర నలుగుద్దన్నయ్యా."

"పోనీ నడిచెళ్దాం."

"అడుగేస్తే కుచ్చెళ్ళు నలుగుతాయి."

"ట్రాక్టర్లో నిలబడి రా."

"గాలికి కండువా నలగదూ?"

నూకరాజు గడ్డం గోక్కున్నాడు. "ఇస్త్రీ బట్టలు పెట్లో ఎలా పెడతాం? పరిచి పెడతాం. వీణ్ణీ అలాగే పరుద్దాం!"

ఇంకేముంది, వెదురు నిచ్చెన తెచ్చారు. మీద తెల్ల దుప్పటి పరిచి అబ్బుల్ని వెల్లకిలా పడుకోబెట్టారు. వీపు నలుగుతుందేమోనని వాడు బెంగపడితే, "వెనకవైపు ఎవడు చూస్తాడ్రా?" అని పోతురాజు ధైర్యం చెప్పాడు. ఎండకి కళ్ళు మూసుకోమన్నారు. కండువా ఎగరకుండా మీద బంతిపూల దండ వేశారు. అన్నదమ్ములిద్దరూ చెరో కొసా భుజానికెత్తుకున్నారు. వియ్యాలవారింటికి ఉత్తచేతులతో వెళ్ళకూడదని సూరమ్మ ఒక కుండలో అరిసెలు పెట్టుకుని ముందు నడిచింది.

రోడ్డెక్కారో లేదో, మోటారుసైకిలు మీద ఎదురొచ్చినాయన బండి దిగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. అబ్బులు ఓరకంట చూసి పొంగిపోయాడు.

"చూశావా అన్నయ్యా! బట్టలంటే ఇవీ. ఇప్పటికీ మర్యాద తగ్గలేదు" అని పెదవి కదపకుండా గొణిగాడు.

ఎవరో పేలాలు చల్లారు. ఇద్దరు డప్పులవాళ్ళు వెనక చేరారు. ఒక ముసలమ్మ కళ్ళొత్తుకుంటూ, "అయ్యో, చిన్న వయసే!" అంది.

"చిన్నోడేనమ్మా. ఇయ్యాలే పెళ్ళిచూపులు" అన్నాడు నూకరాజు. ఆవిడ గొల్లుమంది.

భద్రయ్యగారి ఇల్లు చేరేసరికి వెనక పెద్ద ఊరేగింపే ఉంది. ఆయన పరుగున బయటికొచ్చారు.

"ఎవరయ్యా పోయింది?"

"ఎవరూ పోలేదండి, వచ్చాడండి. పెళ్ళికొడుకండి!" అంది సూరమ్మ.

ఇంట్లో ఆడవాళ్ళు శోకాలు ఎత్తుకున్నారు. అబ్బులుకి లేచి చెప్పాలనే ఉంది. కానీ గుమ్మం ఇంకా రాలేదు కదా! వీళ్ళు ఇలా ఏడ్చి వెనక్కి పంపేస్తే మహాలక్ష్మి దక్కదు. ఆ దిగులుకి వాడి కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

"నాన్నా, పోయినాయన ఏడుస్తున్నాడు!" అంది తలుపు పక్కనున్న మహాలక్ష్మి.

అదే సమయానికి నిచ్చెన కొస గుమ్మానికి తగిలింది. "గుమ్మం వచ్చేసిందిరా!" అని పోతురాజు అరవగానే అబ్బులు చటుక్కున లేచి కూర్చున్నాడు. అంతే! వచ్చిన జనం వచ్చినట్టే పారిపోయారు. డప్పులు మాత్రం మిగిలాయి.

మహాలక్ష్మి పొట్ట పట్టుకుని నవ్వింది. భద్రయ్యగారు తేరుకుని, అబ్బుల్ని నిలబెట్టి ఎగాదిగా చూశారు.

"ఇన్నాళ్ళకి పంచెని పంచెలా కట్టుకొచ్చినవాణ్ణి చూశాను. ఒక్క మడత చెదరలేదు! మా నాన్న గుర్తొచ్చాడయ్యా" అన్నారు. కూతురి వైపు చూస్తే ఆమె ఇంకా నవ్వుతూనే తలూపింది. "ముహూర్తం పెట్టించేద్దాం. పెళ్ళికి మీవాళ్ళందరూ ఇలాగే రండి."

ఆ చివరి మాట ఒక్కటీ అనకుండా ఉండాల్సింది.

పెళ్ళిరోజు పందిట్లో అంతా సిద్ధం, మగపెళ్ళివారి జాడే లేదు. ముహూర్తం ముంచుకొస్తుంటే మహాలక్ష్మి ఆగలేక, పెళ్ళిచీరతోనే మేనత్తని వెంటబెట్టుకుని గబగబా నడిచి వచ్చేసింది. గంపలవారి వీధిలో చూస్తే ఏముంది, ఊళ్ళో నిచ్చెనలన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో తెల్ల పంచె, మేనమామ గవర్రాజుతో సహా! గంజిపెట్టిన చీరలో సూరమ్మ కూడా వెల్లకిలా పడుకుని ఉంది.

"ఇదేం పని? ముహూర్తం దాటిపోతోంది!"

"పొద్దుణ్ణించీ బయల్దేరే ఉన్నాం మహాలక్ష్మీ" అన్నాడు అబ్బులు ఏడుపు గొంతుతో. "ఎత్తేవాళ్ళే రాలేదు."

ఆమె తల పట్టుకుంది. బతిమాలితే లేచే మనుషులా వీళ్ళు? కొంగు బిగించి, ముందు కొస తను, వెనక కొస మేనత్త పట్టుకుని పెళ్ళికొడుకుని భుజానికెత్తుకున్నారు. ఆయాసపడుతూ ఊరు దాటారు.

అబ్బులు కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. తన కోసం ఎంత కష్టపడుతోంది! పట్టుచీర కుచ్చెళ్ళు ఒక్కొక్కటీ చెదిరిపోతున్నాయి. వాడి మనసు తట్టుకోలేకపోయింది.

"ఆగు మహాలక్ష్మీ, నీ చీర నలిగిపోతోంది" అన్నాడు ప్రేమగా, కాస్త పక్కకి జరిగి చోటిస్తూ. "నువ్వూ ఎక్కి పడుకో. మోసేందుకు మీ అత్త ఉందిగా!"