అమ్మ గొంతుకు నకలు

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు సన్యాసిరావు మాస్టారికి లేదు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్లు నేర్పి, రిటైరయ్యాక రాజాంలో ఇంటి వరండాలోనే పాఠాలు చెప్పేవారు. ఎవరైనా ప్రశ్న వేస్తే ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు పైడిరాజు ఓ ఉదయం అడిగాడు.

"మాస్టారూ, ఇంట్లో సర్వరుకి ఏ పద్ధతిలో బ్యాకప్ తీస్తే మంచిదండీ?"

సర్వరంటే మరేమీ కాదు, పాత కంప్యూటరొకటి కొని ఇంట్లో పెట్టుకున్న పెట్టె. అందులో వాళ్ళమ్మ సూరమ్మ చెప్పిన జముకుల కథలున్నాయి, నలభై గంటలు. జముకు వాయిస్తూ ఊరూరా కథ చెప్పిన ఆ మనిషి నిరుడు పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. అందుకే రాజు మూడు నెలలుగా కిందామీదా పడుతున్నాడు. జంట డిస్కులా, ఆన్‌లైనులో అద్దె చోటా, వారం వారం విడిగా నకలా? ప్రస్తుతానికి ఒక డిస్కులోకి నకలు తీసి, దొంగ చేతికి చిక్కినా తెరుచుకోకుండా పాస్‌వర్డుతో బిగించి, బొబ్బిలిలో చెల్లెలింట్లో దాచాడు. తన ఇల్లు కాలిపోయినా కథలుంటాయని ధీమా.

మాస్టారు అంతా విని, "పెట్టే తే, డిస్కూ తే" అన్నారు.

మర్నాడు రెండూ తెచ్చాడు. మాస్టారు పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు. "నీ పెట్టె పోయిందిరా రాజూ. ఏదీ, మీ అమ్మ కథ వినిపించు."

ఇదేం పరీక్ష అన్నట్టు రాజు నవ్వుతూ డిస్కును మాస్టారి కంప్యూటరుకు తగిలించాడు. తెర పాస్‌వర్డు అడిగింది. అతని నవ్వు ఆగిపోయింది. అది మనిషికి గుర్తుండే మాట కాదు, యంత్రం అల్లిన ముప్ఫై రెండక్షరాలు. భద్రంగా ఉంటుందని ఒక్కచోటే రాసిపెట్టాడు.

"ఎక్కడరా?"

"పెట్టెలోనేనండీ."

నకలు తీసిన నాటినుంచి దాన్ని బయట ఒక్కసారైనా తెరిచి చూస్తే ఒట్టు. తోచినవన్నీ కొట్టాడు. కాదని తెలిసే, పాపం, అమ్మ పుట్టినూరి పేరు కూడా కొట్టాడు. డిస్కు కిమ్మనలేదు. ఏడుపొచ్చింది. తల్లిని మళ్ళీ పోగొట్టుకున్నట్టే అనిపించింది.

"నిజంగా పోయుంటే ఏటైపోదునండీ నేను!"

మాస్టారు లేచి బీరువా తెరిచారు. రాజుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ అక్షరాలు అప్పటికప్పుడు రెండు కాగితాల మీదకెక్కాయి, ఒకటి మాస్టారి బీరువాలోకి, ఒకటి తన అత్తారింటి ట్రంకుపెట్టెలోకి. తరువాత కాగితం చూసి ఒక్కో అక్షరమే కొడుతూ డిస్కు తెరిచాడు.

ముందు దగ్గు వినిపించింది. ఆ వెనక సూరమ్మ, రికార్డు మీట సంగతి అడుగుతూ, "నొక్కీసావేట్రా? సెప్పీమంతావా?" అంది. జముకు మోగింది. రాజు అరుగు మీద కూలబడి హాయిగా ఏడ్చాడు. మూడు నెలల బరువు దిగిపోయింది.

ఆ ఘట్టం అయ్యేదాకా మాస్టారు కదలకుండా విన్నారు. రాజు కళ్ళు తుడుచుకుని, "మరి ఆ మూడిట్లో ఏ పద్ధతండీ?" అన్నాడు.

"నెలకోసారి మీ అమ్మని ఇలా దగ్గనియ్యరా," అన్నారు మాస్టారు.