పురుగుల దాణా

"గురువు గారూ, ఒక మాట నిజమని తెలిసిపోయాక కూడా మనసు దానికి ఎందుకు ఒప్పుకోదు?" అని నాగభూషణం అడిగాడు. అతను తుని దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు. ఆదివారం వస్తే తాండవ నది ఒడ్డున ఉన్న పూర్ణయ్య గారి మఠానికి వచ్చేవాడు. ఆ రోజు వాదానికి కావలసిన సరంజామా అంతా సిద్ధం చేసుకునే వచ్చాడు. పూర్ణయ్య గారు వాదంలోకి దిగలేదు. పొరుగూరి నూకరత్నానికి జరిగిన సంగతి చెప్పారు.

నూకరత్నం నాటుకోళ్లు పెంచుకుని బతికే మనిషి. ఆ ఏడు తెగులు వచ్చి సగం కోళ్లు పోయాయి. మిగిలిన పెట్టలు నీరసించి, పెంకు గట్టిపడని తోలుగుడ్లు పెట్టసాగాయి. ఇంట్లో కోడలు లోవకుమారి కడుపుతో ఉంది. ఒంట్లో రక్తం లేదని, రోజూ గుడ్డు పెట్టమని ఆసుపత్రిలో చెప్పారు. బయట కొని తెచ్చిన గుడ్లంటే నూకరత్నానికి నమ్మకం లేదు.

అలాంటి రోజుల్లో హిమజ అనే అమ్మాయి ఆ ఊరు వచ్చింది. కూరగాయల చెత్త మీద ఒక రకం ఈగల పురుగులను పెంచి, ఎండబెట్టి, కోళ్లకు దాణాగా అమ్ముతుంది. కొంటారా అని ఇంటింటా అడిగితే అందరూ కొంటామన్నారు. నూకరత్నం అందరికంటే గట్టిగా అంది. వాడి చూడమని ఇచ్చిన చిన్న సంచీ దాణా పెట్టలు ఒకదాన్నొకటి తోసుకుని తిన్నాయి. సంచీ అయిపోయేలోగా గుడ్ల పెంకులు గట్టిపడ్డాయి.

తీరా బస్తా తెచ్చాక నూకరత్నం వద్దంది. వాసన వస్తోందని ఒకసారి చెప్పింది. ఇంటాయనకు ఇష్టం లేదని ఇంకోసారి చెప్పింది. పక్కనే ఉన్న ఇంటాయన ఆ మాట విని తెల్లబోయాడు. చివరికి, పురుగులు తిన్న కోడి గుడ్డు కడుపుతో ఉన్న పిల్లకు ఎలా పెట్టనని అడిగింది.

హిమజ ఓపిగ్గా ఆమెను పెరట్లోకి తీసుకెళ్లింది. పెట్టలు పెంటకుప్పను కాళ్లతో గీరి, పురుగులను లాక్కుని తింటున్నాయి.

"ఇవి ఇన్నాళ్లూ తిన్నవీ పురుగులే కదండీ. మీరు తిన్నవీ ఆ గుడ్లే కదా" అంది హిమజ.

నూకరత్నం అలాగే చూస్తూ నిలబడింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, అప్పుడే మొదటిసారి చూసినట్టయింది. కాసేపటికి, నిజమేనని ఒప్పుకుంది.

పని అయిపోయిందనుకుని హిమజ వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి కోళ్లన్నీ గూట్లో బందీగా ఉన్నాయి. నూకరత్నం దాణా కొనలేదు సరికదా, వాటిని పెంటకుప్ప మీదికీ పోనివ్వడం లేదు. ఉత్త నూకలే వేస్తోంది. తను గుడ్డు ముట్టడం మానేసింది. ఎక్కడ తప్పు జరిగిందో హిమజకు అంతుపట్టలేదు. తను చెప్పింది నిజం, ఆవిడ ఒప్పుకుందీ నిజం. అయినా ఉన్నదీ చెడింది. ఎందుకిలా చేస్తోందో నూకరత్నానికీ తెలియలేదు. గూడు ముందు నిలబడితే కోపం వచ్చేది. అది కోళ్ల మీదో, ఆ పిల్ల మీదో, తన మీదో చెప్పలేకపోయేది.

మూసిపెట్టిన కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. ఒక పొద్దున లోవకుమారి బిందె ఎత్తబోయి, కళ్లు తిరిగి, గోడ పట్టుకుని కూలబడింది. నూకరత్నం ఆమెను లేపి మంచం మీద పడుకోబెట్టింది. తర్వాత పెరట్లోకి వెళ్లి గూటి తలుపు తీసేసింది. కోళ్లు పెంటకుప్ప మీదికి పరుగు తీశాయి. ఆమె మాత్రం లోపలికొచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది. మర్నాడు, దాణా బస్తా తెమ్మని హిమజకు కబురు పెట్టింది.

హిమజ సంతోషంగా వచ్చింది. అయినా ఈసారి ఊరుకోలేక, ఇష్టపడే కొంటున్నారా అని అడిగింది.

"ఇష్టమో కాదో నాకు తెలీదమ్మా. బస్తా మాత్రం అక్కడ పెట్టు" అంది నూకరత్నం.

దాణా చల్లే పని ఇంటాయనకు అప్పజెప్పింది. ఆయన చల్లుతున్నంతసేపూ వీధి అరుగు మీద కూర్చునేది. గుడ్లు మాత్రం తనే ఏరేది, తుడిచేది, ఉడకబెట్టి కోడలికి పెట్టేది. తను మళ్లీ తినలేదు.

పూర్ణయ్య గారు అంతటితో ఆపారు. నాగభూషణం తెచ్చుకున్న వాదాల్లో ఏదీ ఇక్కడ అతకలేదు.

"ఇంతకీ ఆవిడ మనసు ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?" అని అడిగాడు.

"అదే అడుగుదామని నేనూ వెళ్లాను, భూషణం" అన్నారు పూర్ణయ్య గారు. "కోడలి పక్కన కూర్చుని గుడ్డు ఒలుస్తోంది. అడగకుండానే వచ్చేశాను."