బ్యారన్‌కి కట్టిన బొంతలు

మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ తెల్లగా ఉంది. ఆకు కదలడం లేదు.

ఆ వేళప్పుడు దమయంతి సాల్మన్ మేస్త్రి పంచలోకి వచ్చి, చేతిలోని కాగితం ఆయన ముందు పరిచింది. పాత కట్టడాలు బాగుచెయ్యడంలో కందుకూరు చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. డెబ్బై దాటాక తాపీ కిందపెట్టి, నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకి నేర్పుతున్నాడు. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకి లేదు. చేతికి ఏదో ఒకటిచ్చి పంపేస్తాడు.

"పాతదాన్ని చల్లబరచాలంటే ముందు ఏం పెట్టాలి, మేస్త్రి గారూ?" అని అడిగింది దమయంతి. కాగితం మీద రెండు ఏసీలు, ఒక ఫాల్స్ సీలింగు, ఒక అద్దాల తలుపు గీసి ఉన్నాయి.

నలభై ఆరేళ్ళ వయసులో ఆమె ఈ విద్యకి రావడానికి కారణం ఒకటే. పొగాకు ఆకుని వేడిపెట్టి ఆరబెట్టే ఎత్తైన రేకుల కొట్టం, ఇప్పుడా పని మానేసిన ఒక పాత బ్యారన్‌లో పదకొండుమంది ఆడవాళ్ళు కాలితో తొక్కే కుట్టుమిషన్లు వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నారు. వాళ్ళలో ఆమె కూతురు ప్రశాంతి ఒకతె. కిందటేడు ఎండల్లో ఆ పిల్ల కుడుతూ కుడుతూనే మిషను మీదికి ఒరిగిపోయింది. మూడు రోజులు కళ్ళు తెరవలేదు. ఆ మూడు రోజుల గురించి దమయంతి ఎవరితోనూ మాట్లాడదు.

బ్యారన్ ఆసామి మాలకొండయ్య చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఈ ఏడు ఇంకొక్కరు పడ్డారంటే పడగొట్టించేస్తా. అది ఆకుని ఉడకబెట్టే కొంపమ్మా, మనుషులుండే కొంపా?" అన్నాడు. బ్యారన్ పోతే పదకొండిళ్ళ పొయ్యిల్లో పిల్లులు పడుకుంటాయి.

మేస్త్రి కాగితం వైపు చూడలేదు. గూట్లోంచి అగరొత్తుల కట్ట తీసి ఇచ్చాడు.

"బ్యారన్ లోపల వెలిగించి కూర్చో తల్లీ. పొగ ఎటు పోతుందో చూసిరా."

దమయంతి కూర్చుంది. పొగ నిటారుగా లేచి, రేకుల దాకా వెళ్ళి, ఇల్లు తెలియని చుట్టంలా అక్కడే నిలబడిపోయింది. ఆమె నిచ్చెన వేసుకుని ఎక్కింది. పైకప్పు కింద చుట్టూ ఉన్న గాలికంతలన్నిటికీ ఒక ఫ్లెక్సీ బిగించి కట్టి ఉంది. ఎవరో నాయకుడి పుట్టినరోజుది. ఆయన ముక్కు సరిగ్గా కంత మీదే ఉంది.

"ఇదెవరే కట్టింది?"

"మేమే పిన్నీ. పావురాలు రెట్టలేస్తున్నాయి. తెల్లచొక్కాలు ఎవరుతుకుతారు?" అంది కింద మిషను ముందునుంచి రమీజా.

నేలబారున ఉన్న కంతలు పాములొస్తాయని సిమెంటుతో పూడ్చేశారట. ఆకుకి గాలాడాలని ఒకప్పుడు పెట్టించిన కంతలు. మనుషులు చేరగానే మూసుకున్నారు.

సంగతి విని మేస్త్రి తనే కర్ర పట్టుకుని వచ్చాడు. పై కంతలకి వల, కింది కంతలకి ఇనప జల్లెడ వేయించాడు. మూల పోగుపడ్డ గుడ్డముక్కల గుట్టని కర్రతో పొడిచాడు.

"ఇవేం చేస్తారు?"

"తగలబెడతాం తాతా."

"బొంతలు కుట్టండి. సున్నపు నీళ్ళలో ముంచి ఆరేసి, రేకుల కింద కట్టండి."

పదకొండుమందీ విరగబడి నవ్వారు. "రోహిణి కార్తెలో బొంత కప్పుకోమంటున్నాడే! బొంతలు చలికి కదా తాతా?" అంది రమీజా.

"చలో ఎండో దానికేం తెలుసు? అడ్డం నిలబడమంటే నిలబడుద్ది."

నవ్వుతూనే కుట్టారు. పైన రేకులకీ, లోపల గోడలకీ సున్నం కొట్టారు. నిప్పులా మండే ఇస్త్రీ బల్లని బయట పందిరి కిందికి జరిపారు. కింది కంతలకి తడిగోనెలు వేలాడదీశారు. దమయంతి గీసిన కాగితం గుడ్డ కత్తిరించే కొలతలకి పనికొచ్చింది.

రోళ్ళు పగిలే రోజు రానే వచ్చింది. పన్నెండింటికి కరెంటు పోయింది. ఎదురుగా ఉన్న అద్దాల బట్టలషాపు అరగంటలో ఇడ్లీపాత్ర అయింది. షాపువాళ్ళు అట్టముక్కలతో విసురుకుంటూ బయటపడి, మిషన్ల చప్పుడు ఆగని బ్యారన్ వైపు చూశారు. ఒక్కొక్కరే వచ్చి గోడవారగా కూలబడ్డారు.

దమయంతి గుమ్మంలో నిలబడి కూతురి మొహమే చూస్తోంది.

"అమ్మా, పక్కకి జరుగు. నువ్వు వెలుతురికి అడ్డం. దారం కనపడటంలా," అంది ప్రశాంతి.

మాలకొండయ్య పరుగున వచ్చాడు. ఆకు కాల్చే రోజుల నాటి ఉష్ణమాపకాన్ని వెంట తెచ్చి, ముందు బయట చూసి, తర్వాత మధ్యలో వేలాడదీశాడు. బయట నూటపదిహేను ఫారెన్‌హీట్. లోపల తొంభై ఎనిమిది. తుండుతో తుడిచి మళ్ళీ చూశాడు.

"ఇది పాడైనట్టుంది."

"అయితే దాన్ని బాగుచేయించుకో పెదనాయనా. బ్యారన్ని ముట్టుకోకు," అంది రమీజా. గోడవార కూర్చున్న షాపువాళ్ళు కూడా పకపకా నవ్వారు. మాలకొండయ్య స్టూలు లాక్కుని కూర్చుని, తడిగోనె వైపు మొహం పెట్టాడు. "పడగొట్టేవాడికి రావద్దని చెప్తాలే," అన్నాడు కళ్ళు మూసుకుని. షాపు యజమాని గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మాకూ నాలుగు బొంతలు కుట్టిస్తారా?"

కుట్టేవాళ్ళవన్నీ ఒకే వీధి ఇళ్ళు. మేస్త్రి పంచ ఆ వీధి మొదట్లో ఉంటుంది. సాయంత్రం దమయంతి అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది. "పదిహేడు డిగ్రీలు తగ్గింది, మేస్త్రి గారూ! పదిహేడు!"

ఆయన చుట్ట ఆర్పి వీధి వైపు చూపించాడు. "డిగ్రీలు మాలకొండయ్యని చూసుకోనీ. నీ లెక్క అదిగో, వస్తోంది."

ఆమె అరుగు అంచున నిలబడింది. రమీజా పాట పాడుకుంటూ తన గుమ్మం ఎక్కింది. వెనకే ఇద్దరు. ఆ వెనక మరో నలుగురు. ఒకామె కూరగాయల దగ్గర ఆగి బేరమాడి మరీ వెళ్ళింది. ఎనిమిది. తొమ్మిది. పది.

కుట్టిన చొక్కాల మూట సైకిలు వెనక కట్టుకుని, ఆకలేస్తోందని వీధి చివరినుంచే అరుస్తూ ప్రశాంతి వచ్చింది.

"పదకొండు," అంది దమయంతి.