చుట్టాల గుడి వెలసిన కథ

సరుగుడు తోటలు దాటి సముద్రం వైపు నడిచే బాటలో, ఎత్తయిన ఇసుక మెరక మీద మల్లెగరువు క్రైస్తవ ఆలయం ఉన్నది. శిలాఫలకం మీద చెక్కిన పేరు వేరు. ఆ పేరుతో పిలిచేవారు మాత్రం ఎవరూ లేరు. బస్సు దిగి ఎవరిని అడిగినా "చుట్టాల గుడా? అదిగో" అని చేయి చూపుతారు. గుడికి రెండు వాకిళ్లు. ఒకటి మల్లెగరువు వైపు, మరొకటి బెస్తవారి ఓడలపాలెం వైపు తెరుచుకుంటాయి. లోపల కూర్చుంటే ఏ వేళనైనా ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. ఈ గుడికి ఈ పేరు ఎలా వచ్చిందో పెద్దలు చెప్పుకునే వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ తాటాకుల పాక ఒక్కటే ఉండేది. మల్లెగరువులో విశ్వాసుల కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వారు బాప్తిస్మం పుచ్చుకున్ననాటి నుండి బంధువులు రాకపోకలు మానుకున్నారు. పెళ్లికి పిలుపు లేదు, చావుకు కబురు లేదు. ఆ పాకలో సువార్తమ్మ అనే పంతులమ్మ ఆదివారం పూట పిల్లలకు పాటలు నేర్పేది. భర్త పోయి, బిడ్డలు లేని మనిషి. వచ్చేటప్పుడు వేయించిన వేరుశనక్కాయలు కొంగున కట్టుకుని వచ్చి, పాట అప్పజెప్పిన వారికీ చెప్పని వారికీ సమానంగా పంచేది. ఆమె వద్ద చదువుకున్నవారు ముసలివారైన తరువాత కూడా ఆ కాయల వాసన తలచుకుని మురిసిపోయేవారట.

ఒక క్రిస్మస్ ముందు ఆదివారం, సంఘపెద్ద జెకర్యా మనవరాలు తబిత ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"పంతులమ్మగారూ, పండక్కి అందరి ఇళ్లకూ చుట్టాలొస్తారు. మా ఇంటికి ఎవరూ రారేం? మనకు చుట్టాలు లేరా?"

"ఎందుకు లేరే! దేవుణ్ణి తండ్రీ అని పిలిచే వాళ్లంతా మన చుట్టాలే. లోకమంతా ఉన్నారు."

"మరి ఒక్కరినైనా చూపించండి."

సువార్తమ్మ కొంగు ముడి విప్పి తబిత దోసిట్లో వేరుశనక్కాయలు పోసింది. తాను ఎప్పుడూ చెప్పే మాటే, కానీ చూపించమని అడిగినవారు అంతవరకు లేరు.

మర్నాడు తెల్లవారుజామున ఆమెకు ఒక కల వచ్చిందంటారు. కలలో ఆమె పిల్లలను వరుసగా కూర్చోబెట్టి విస్తళ్లు వేస్తున్నది. వెనుక నుండి ఎవరో ఎంతో ఆప్యాయంగా, "మిగిలిన పిల్లలేరమ్మా?" అని అడిగారు. తిరిగి చూస్తే మనిషి లేడు. పంక్తి మాత్రం సముద్రం దాకా సాగి ఉన్నది, పిల్లలకు అవతలి విస్తళ్ల ముందు ఎవరూ లేరు.

ఓడలపాలెం బెస్తలు కూడా క్రైస్తవులే. అయితే వారిది వేరే సంఘం. వారు మరియతల్లికి పూలదండలు వేసి మోకాళ్ల మీద ప్రార్థించేవారు. వీరు నిలబడి కీర్తనలు పాడేవారు. ఎవరి పద్ధతి సరైనదన్న వాదంలో ఎప్పుడో మాటలు తెగిపోయి, ఒకరి ఊళ్లో ఒకరు మంచినీళ్లు కూడా ముట్టేవారు కారు. సువార్తమ్మ పిల్లలను అక్కడికే తీసుకువెళతానన్నది.

"వాళ్లు గుమ్మంలోనే తరిమితే ఏం చేస్తావమ్మా? ఇప్పటికి పడ్డ అవమానాలు చాలవా?" అన్నాడు జెకర్యా.

"తరిమితే తిరిగొస్తాం పెదనాన్నా. అడక్కుండా మాత్రం ఉండలేను."

పిల్లలు ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ నడిచి, పాలెం కనబడగానే ఆమె చీర కుచ్చిళ్ల చాటున నక్కారు. మొదటి ఇంటి ముందు తెరేసమ్మ అనే ముసలావిడ ఎండుచేపలు తిరగేస్తున్నది. ఆమె చేయి కంటికి అడ్డం పెట్టుకుని చూసి, "ఎవరి బిడ్డలమ్మా వీళ్లంతా?" అన్నది.

సువార్తమ్మ పిల్లలను ముందుకు జరిపింది. "మనవాళ్లేనమ్మా" అన్నది.

తెరేసమ్మ ఆమెనూ, పిల్లలనూ కాసేపు తేరిపార చూసింది. "మనవాళ్లయితే ఎండలో నిలబెట్టావేందే? లోపలికి తీసుకురా" అంటూ లేచి, తబిత మెడ మీది ఇసుకను తన పైటతో తుడిచింది. ఆ పూట పిల్లలు పులుసన్నం తిన్నారు, తెలియని పాటలు విన్నారు, తెలిసిన పాటలు పాడారు. అటుపిమ్మట వారు తరచుగా వెళ్లసాగారు. రెండు ఊళ్ల పెద్దలూ గొణుగుతూనే ఉన్నారు.

మరుసటి ఏడు వానాకాలం చివర పెద్ద గాలివాన పట్టింది. మధ్యాహ్నానికే సముద్రం పాలెంలోకి వచ్చేసింది. బెస్తలు పిల్లలనూ ముసలివాళ్లనూ భుజాలకెత్తుకుని, చేతికందిన తెరచాప ఒకటి పట్టుకుని మెరక మీదికి ఎక్కి వచ్చారు. పాక నిండా అప్పటికే మల్లెగరువు జనం. జెకర్యా వాకిట నిలబడి, "ఇంతమందికి చోటేదయ్యా?" అన్నాడు.

అప్పుడు తబిత జనం కాళ్ల మధ్య నుండి దూరి బయటకు పరుగెత్తింది. తడిసి వణుకుతున్న తెరేసమ్మను చేయి పట్టి లాక్కొచ్చి, "తాతా, మా నాయనమ్మ వచ్చింది, జరుగు!" అన్నది.

జెకర్యా ముఖం మారిపోయింది. ఆయన భార్య పోయినప్పుడు పాడె పట్టడానికి చుట్టమన్నవాడు ఒక్కడూ రాలేదు. నలుగురు చేయవలసిన పని కొడుకూ తానూ చేసుకున్నారు. ఆయన పక్కకు తప్పుకుని, పైగుడ్డ తీసి తెరేసమ్మ భుజాల మీద కప్పాడు. "లోపలికి రా వదినా" అన్నాడు.

కొద్దిసేపటికే పాక కప్పు ఎగిరిపోయింది. పిల్లలందరినీ మధ్యలో కూర్చోబెట్టి, బెస్తలు తెచ్చిన తెరచాపను వారి మీద పరిచి, రెండు ఊళ్ల మగవాళ్లూ దాని అంచులు పట్టుకుని కూర్చున్నారు. తెరచాప కింద సువార్తమ్మ ఒక ఊరి పాట తరువాత ఇంకో ఊరి పాట అందుకుంటూ పోయింది. గాలి తగ్గాక తెరచాప తొలగించి చూస్తే ఒక్క బిడ్డకూ దెబ్బ తగలలేదు.

పాలెం తిరిగి నిలబడేదాకా బెస్తలు మల్లెగరువు ఇళ్లలోనే ఉన్నారు. విరిగిన పడవల దూలాలు వారు మోసుకొచ్చారు, సున్నం రాయి వీరు కొట్టారు. అలా లేచిన గుడి ఇది.

నేటికీ ఈస్టరు తరువాతి ఆదివారం ఆరాధన ముగియగానే ఈ ఊరి పిల్లలు ఆ వాకిలి గుండా, ఆ ఊరి పిల్లలు ఈ వాకిలి గుండా బయటికి వెళ్లి, ఆ రాత్రికి ఏదో ఒక ఇంట బిడ్డలై ఉంటారు. ఇప్పుడు దూర గ్రామాల సంఘాలు కూడా తమ పిల్లలను పంపుతున్నాయి. అయినవారు లేనివారు ఆనాడు ఇక్కడికి వస్తే ఒంటరితనం తీరుతుందని భక్తుల నమ్మకం. ఆ సాయంత్రం వీధి వెంట నడుస్తూ, వాకిట్లో ఆడుకుంటున్న ఏ బిడ్డనైనా చూపి "ఎవరి పాపమ్మా?" అని అడిగి చూడండి. లోపల వంట చేస్తున్న ఇల్లాలు తల తిప్పకుండానే, "మా పాపే" అంటుంది.