బూడిదరంగు దుప్పటి

అరుగు మీద కూర్చున్న పేరిందేవమ్మగారు కాగితాన్ని మళ్లీ వెనక్కి ఇచ్చేశారు.

"ఈయన మా స్వామి కాదు నాయనా," అన్నారు మెల్లగా. "ముఖంలో నెత్తురే లేదు. జ్వరపడి లేచినవాళ్లలా ఉన్నారు."

శమానంద కాగితం అందుకున్నాడు. పొద్దుటినుంచీ ఆవిడది ఇదే మాట. తలూపి లోపలికి పోవడమే అతని పని.

నాగావళి ఒడ్డున ఆ చిన్న ఆశ్రమాన్ని నిలబెట్టిన పాతస్వామి సమాధి చెంది చాలా కాలమైంది. ఇప్పుడున్న పెద్దస్వామి కూడా ఆయన్ని కళ్లారా చూడలేదు. చూసినవాళ్లలో మిగిలింది పేరిందేవమ్మగారొక్కరే. ఆవిడ పూజగదిలోని రంగుల ఫొటో తప్ప ఆయన రూపం ఇంకెక్కడా లేదు. అదీ ఏటికేడాది వెలిసిపోతోంది. పూర్తిగా పోకముందే నకలు తీయించి ధ్యానమందిరంలో పెట్టించాలని ఆ వయసులో బస్సెక్కి వచ్చారు. స్కానింగ్ కాగానే ఫొటోను తీసేసుకుని, పట్టుగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలి.

శమానందకు ఈ పని కొత్త కాదు. సన్యాసం పుచ్చుకోకముందు విశాఖలో ఒక ప్రెస్సులో రంగుల సంగతి చూసేవాడు. స్కానర్ చూసే తీరు ఒకటి, తెర చూపించే తీరు ఒకటి, ప్రింటర్ అద్దే తీరు ఇంకొకటి. ఏది ఎంత తేడాగా చూస్తుందో కొలిచి, వాటి మధ్య మాట కుదిర్చే లెక్కనే కలర్ ప్రొఫైల్ అంటారు. ఆ లెక్కలన్నీ దగ్గరుండి సరిచూసుకున్నాడు. అయినా మొదటి కాగితం చేతిలోకి తీసుకోగానే స్వామి ముఖం కందగడ్డలా కనిపించింది. యంత్రాన్ని కాదని తన కంటిని నమ్మాడు. ఎరుపు తగ్గించి మళ్లీ తీశాడు. ఇంకాస్త తగ్గించి ఇంకొకటి తీశాడు.

గురువు ముఖమున్న కాగితాన్ని చెత్తబుట్టలో వేయలేడు కదా. పనికిరాదనుకున్నవన్నీ బీరువా మీద ఒకదానిమీదొకటి పెడుతూ వచ్చాడు. దొంతర పెరిగింది. మెడ లాగేస్తోంది. కళ్లు మండుతున్నాయి.

పెద్దస్వామి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన కాషాయం ఉతికి ఉతికి రంగు వదిలేసింది. భుజాల మీద ఎప్పుడూ ఉండే బూడిదరంగు దుప్పటి.

"మామ్మగారు ఏమంటున్నారు?"

"ఆవిడ కళ్లకు మసకలు కమ్మాయి స్వామీ. నా చేతిలో చక్కగా ఉన్న బొమ్మ ఆవిడ చేతిలోకి వెళ్లేసరికి పాలిపోతోందట."

"శుక్లాలు కిందటేడే తీయించుకున్నాను!" అరుగు మీంచి వినబడింది. "చెవులు కూడా బాగానే ఉన్నాయి."

పెద్దస్వామి నవ్వాపుకున్నారు.

శమానంద గొంతు తగ్గించాడు. "ఇంక నావల్ల కాదు స్వామీ. ప్రెస్సులో నేను చూసిన రంగును కాదన్నవాళ్లు లేరు. ఆ ఫొటో ఎలా వచ్చిందో అలాగే పంపించేద్దాం."

ఆయన బల్ల మీంచి ఏమీ అచ్చు పడని కాగితం ఒకటి తీసి శిష్యుడి చేతికిచ్చారు.

"ఇదేం రంగు?"

"తెలుపు స్వామీ."

"చూసి చెప్పు."

శమానంద కాగితాన్ని రొమ్ముకు దగ్గరగా పట్టుకున్నాడు. ఏ బొమ్మనైనా అతను అలాగే చూస్తాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో అతని కొత్త కాషాయం నిప్పులా మెరుస్తోంది. దాన్ని కట్టుకుని ఇంకా నెల కాలేదు. ఆ రంగు చూసుకుని రోజూ లోలోపల మురిసిపోతూనే ఉన్నాడు.

కాగితం తెల్లగా లేదు. దాని నిండా ఎర్రటి జీర.

తిప్పి చూశాడు. వెనకవైపూ అంతే.

పెద్దస్వామి తన దుప్పటి తీసి అతని భుజాల చుట్టూ కప్పారు. చలికి పిల్లవాడికి కప్పినట్టు, మెడ దగ్గర అంచులు రెండూ చేర్చారు.

కాగితం తెల్లబడింది.

శమానంద లేచి, బీరువా మీది దొంతర అడుగునుంచి మొట్టమొదటి కాగితాన్ని లాగాడు. తను ఏ రంగూ మార్చనిది. దుప్పటితోనే అరుగు మీదికి నడిచాడు.

పేరిందేవమ్మగారు పట్టుగుడ్డ విప్పి, ఫొటో పక్కన ఆ కాగితం పెట్టుకున్నారు. కొంగు తల మీదికి లాక్కున్నారు. చాపుకున్న కాళ్లు ముడుచుకుని, సర్దుకుని కూర్చున్నారు.

"ఎన్నాళ్లకొచ్చారు స్వామీ," అన్నారు కాగితంతో.

ఆవిడను బస్సెక్కించి వచ్చాక, శమానంద దుప్పటిని జాగ్రత్తగా మడిచి పెద్దస్వామి ముందు పెట్టాడు.

ఆయన దుప్పటిని చూశారు. అతని కొత్త కాషాయాన్ని చూశారు.

"అప్పుడే తీసేశావా?" అన్నారు.